బాయిలర్ల పగుళ్ళు పట్టే యంత్రంతో గర్భంలోకి చూసిన డాక్టర్

1955 జులై 21న స్కాట్లాండ్‌లోని రెన్‌ఫ్రూలో ఉన్న బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ బాయిలర్ల ఫ్యాక్టరీ ముందు రెండు కార్లు వచ్చి ఆగాయి. వాటి డిక్కీల్లో ఆపరేషన్లు చేసి ఆడవాళ్ళ కడుపుల్లోంచి తీసిన గడ్డలు, నీటితిత్తులు ఉన్నాయి. వాటిని తెచ్చినాయన గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ప్రసూతి వైద్య విభాగాధిపతి, ప్రొఫెసర్ ఇయాన్ డోనాల్డ్. పోల్చి చూసుకోవడానికి ఫ్యాక్టరీవాళ్ళు ఒక పెద్ద మాంసపు ముక్కను సిద్ధంగా పెట్టారు. ఉక్కు పలకల్లో, వెల్డింగ్ అతుకుల్లో కంటికి కనిపించని పగుళ్ళను పట్టుకోవడానికి వాడే అల్ట్రాసౌండ్ యంత్రంతో ఆ గడ్డలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. నీళ్ళున్న తిత్తి ఒక రకంగా, గట్టి కండగడ్డ మరో రకంగా ప్రతిధ్వని ఇచ్చాయి. ఆ తేడా తెర మీద తెలిసిపోయింది.

ఇవాళ మన ఊళ్ళలో గర్భిణి చేతిలో కనిపించే స్కానింగ్ రిపోర్టుకు తొలి అడుగు అక్కడ పడింది. బిడ్డ గుండె కొట్టుకుంటోందా, కవలలా, మాయ ఎక్కడ అతుక్కుంది, నెలలకు తగ్గట్టు పెరుగుతోందా అన్నవి ఇప్పుడు మామూలు ప్రశ్నలైపోయాయి. ఈ మధ్య కాలంలో ఇంకో మెట్టు ఎక్కాం. మూడో నెల చివర్లోనే తల్లి గర్భసంచికి వెళ్ళే రక్తప్రవాహాన్ని చూసి, ఆమెకు మున్ముందు ప్రీఎక్లాంప్సియా వచ్చే ముప్పు ఎంతో అంచనా కట్టగలుగుతున్నాం. అయితే మన దేశంలో ఎందరో ఆడపిల్లలను పుట్టకుండా చేయడానికి వాడుకున్నదీ ఈ యంత్రాన్నే. తల్లినీ బిడ్డనూ కాపాడాలని దీన్ని తయారుచేసిన డోనాల్డ్ జీవితాన్ని ఈ రెండూ తెలిసినవాళ్ళుగా చదవాలి.

తల్లీతండ్రీ ఒక్క ఏడాదిలో

డోనాల్డ్ 1910 డిసెంబర్ 27న ఇంగ్లండ్ నైరుతి మూలన కార్న్‌వాల్‌లోని లిస్కర్డ్‌లో పుట్టాడు. వాళ్ళది స్కాట్లాండ్ మూలాలున్న డాక్టర్ల కుటుంబం. తండ్రి డాక్టర్, తల్లి పియానో కళాకారిణి. నలుగురు పిల్లల్లో ఇయాన్ పెద్దవాడు. తండ్రి ఆరోగ్యం బాగుండకపోవడంతో ఎండ, పొడి వాతావరణం కోసం కుటుంబం దక్షిణాఫ్రికాకు తరలివెళ్ళింది. 1927లో ఆ ఇంట్లో కంఠసర్పి సోకింది. తల్లి చనిపోయింది. మరో మూడు నెలలకు తండ్రీ పోయాడు. అప్పటికి ఇయాన్‌కు ఇంకా పదిహేడేళ్ళు నిండలేదు. ఇంటి పనులు చూసుకునే మహిళే ఆ నలుగురు పిల్లలకూ పెద్దదిక్కయింది.

కేప్‌టౌన్‌లో సాహిత్యం, భాషలు, సంగీతం చదివి పట్టా తీసుకున్నాక డోనాల్డ్ ఇంగ్లండ్‌కు తిరిగివచ్చి లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రి వైద్య కళాశాలలో చేరాడు. 1937లో డాక్టరయ్యాడు. అదే ఏడాది అలిక్స్‌ను పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళకు నలుగురు ఆడపిల్లలు.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆయన బ్రిటిష్ వైమానిక దళంలో వైద్యాధికారిగా చేరాడు. మంటల్లో చిక్కుకున్న యుద్ధవిమానంలోకి, లోపల బాంబులు ఇంకా ఉండగానే, వెళ్ళి సిబ్బందిని బయటికి లాక్కొచ్చినందుకు 1946లో ప్రభుత్వం ఆయనకు ఎంబీఈ బిరుదు ఇచ్చింది. యుద్ధం ఆయనకు ఇంకొకటి కూడా ఇచ్చింది. ఆకాశంలో శత్రువిమానాన్ని పసిగట్టే రాడార్, నీటి అడుగున జలాంతర్గామిని పట్టే సోనార్ ఎలా పనిచేస్తాయో ఆయన దగ్గరగా చూశాడు. ఒక తరంగాన్ని పంపడం, అది దేనికో తగిలి తిరిగివచ్చేదాకా ఆగడం, పట్టిన సమయాన్నిబట్టి దూరం లెక్కగట్టడం. ఈ సూత్రం ఆయన మనసులో నాటుకుపోయింది.

యుద్ధం తర్వాత లండన్ ఆస్పత్రుల్లో పనిచేస్తూ ఆయన ముందుగా పట్టించుకున్నది పుట్టగానే ఊపిరి అందని పసికందుల సమస్యను. వాళ్ళకు శ్వాస అందించే యంత్రాలను సహచరులతో కలిసి తయారుచేశాడు. ఇంజనీర్ల పనిముట్లంటే ఆయనకున్న మోజును చూసి తోటి డాక్టర్లు ఆటపట్టించేవారు. ఆ మోజే తర్వాత అక్కరకొచ్చింది.

గ్లాస్గో తల్లులు

1954లో డోనాల్డ్ గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ప్రసూతి వైద్య ఆచార్యుడిగా చేరాడు. క్లైడ్ నది ఒడ్డున ఓడలు కట్టే నగరం అది. ఫ్యాక్టరీల పొగ, ఇరుకు ఇళ్ళు, పోషకాహార లోపం ఆ నగరపు స్త్రీల శరీరాల మీద ముద్ర వేశాయి. చిన్నప్పుడు రికెట్స్ వచ్చి కటి ఎముకలు వంకరపోయిన తల్లులు అక్కడ ఎంత ఎక్కువంటే, ఆధునిక పద్ధతిలో సిజేరియన్ చేసి తల్లీబిడ్డలను దక్కించుకునే నేర్పు 1888 నాటికే గ్లాస్గోలోని రాటన్‌రో ప్రసూతి ఆస్పత్రిలో కుదురుకుంది.

ఆ రోజుల్లో కడుపులో ఏముందో తెలుసుకోవాలంటే డాక్టర్‌కు ఉన్న సాధనాలు తక్కువ. చేత్తో తడిమి చూడడం, గొట్టం పెట్టి బిడ్డ గుండెచప్పుడు వినడం, తప్పనిసరైతే ఎక్స్‌రే తీయడం. ఎక్స్‌రే కూడా అనుమానాల్లో పడింది. గర్భంలో ఉండగా ఎక్స్‌రే తగిలిన పిల్లల్లో క్యాన్సర్లు ఎక్కువగా వస్తున్నాయని ఆలిస్ స్టీవర్ట్ 1956లో, 1958లో ప్రచురించిన అధ్యయనాలు చూపించాయి. చాలామంది డాక్టర్లు ఆ మాటను ఒప్పుకోవడానికి ఏళ్ళు పట్టినా, ఎక్స్‌రేకు బదులు ఇంకో దారి కావాలన్న అవసరం మాత్రం తేలిపోయింది.

అల్ట్రాసౌండ్‌తో శరీరాన్ని చూడవచ్చని మొదట తలచినవాడు డోనాల్డ్ కాదు. అమెరికాలో పనిచేస్తున్న ఇంగ్లిష్ డాక్టర్ జాన్ వైల్డ్ అప్పటికే రొమ్ము కణితుల మీద ప్రయోగాలు చేశాడు. లండన్‌లో ఆయన ప్రసంగం విన్నాకే డోనాల్డ్ ఆలోచన గట్టిపడింది. ఫ్యాక్టరీ ప్రయోగం తర్వాత ఆయన ఒక పాత యంత్రాన్ని అడిగి తెచ్చుకుని ఆస్పత్రిలో పని మొదలుపెట్టాడు. అది సరిగ్గా పనిచేయలేదు. చర్మానికి దగ్గరగా ఉన్న భాగమేదీ దానికి కనిపించేది కాదు. అందుకని నీళ్ళు నింపిన గొట్టాన్ని రోగి పొట్ట మీద నిలబెట్టి, దాని పైనుంచి తరంగాలు పంపాల్సివచ్చేది. నీళ్ళు ఒలికేవి, మంచం తడిసేది, ఫలితం అంతంతమాత్రం.

ఫోను చేసిన కుర్ర ఇంజనీరు

1956లో కెల్విన్ అండ్ హ్యూస్ కంపెనీలో పనిచేస్తున్న టామ్ బ్రౌన్ అనే యువ ఇంజనీరు చెవిన ఒక వార్త పడింది. తమ కంపెనీ లోహాల కోసం తయారుచేసిన యంత్రాన్ని ఎవరో ప్రొఫెసర్ మనుషుల మీద వాడుతున్నాడట. బ్రౌన్ టెలిఫోన్ డైరెక్టరీలో డోనాల్డ్ నంబరు వెతికి నేరుగా ఫోను చేశాడు. ఆస్పత్రికి వెళ్ళి చూస్తే, అక్కడున్నది ఆ పనికి ఏమాత్రం కొరగాని యంత్రం. కంపెనీని ఒప్పించి మెరుగైనది తెప్పించాడు. డోనాల్డ్, ఆయన దగ్గర పనిచేసే యువ డాక్టర్ జాన్ మెక్‌వికర్, బ్రౌన్ ముగ్గురూ జట్టు కట్టారు.

వాళ్ళ పనికి ఆస్పత్రిలో మొదట పెద్దగా మర్యాద దక్కలేదు. దాన్ని మార్చింది ఒక రోగి. కడుపు ఉబ్బి, బరువు తగ్గి, రక్తం కక్కుకుంటూ వచ్చిన ఆమెను పరీక్షించిన సర్జన్లు కడుపులో క్యాన్సర్ ముదిరిపోయిందని, పొట్టలో నీరు చేరిందని, ఆపరేషన్ చేసి లాభం లేదని తేల్చారు. డోనాల్డ్ బృందం అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తే తెర మీద కనిపించినది పొట్టంతా పరుచుకున్న నీరు కాదు, చుట్టూ గోడ ఉన్న ఒక పెద్ద తిత్తి. ఆపరేషన్ చేసి అండాశయం నుంచి పెరిగిన ఆ తిత్తిని తీసేశారు. అది క్యాన్సర్ కాదు. ఆమె బతికింది. ఆ తర్వాత ఆస్పత్రిలో వాళ్ళను చూసే తీరు మారిపోయింది. అల్ట్రాసౌండ్ నిలదొక్కుకున్నది గర్భిణి వల్ల కాదు, చావు ఖాయమని వదిలేసిన ఒక స్త్రీ ప్రాణం దక్కడం వల్ల అన్నది గుర్తుంచుకోవాలి.

అప్పటిదాకా తెర మీద కనిపించేవి ఎగుడుదిగుడు గీతలు మాత్రమే. వాటిని చదవడం నిపుణులకే కష్టం. తరంగాన్ని పంపే భాగాన్ని పొట్ట మీద కదుపుతూ, అది ఏ క్షణాన ఎక్కడుందో, ఏ కోణంలో ఉందో గుర్తుపెట్టుకునే ఏర్పాటు చేస్తే ఆ గీతలన్నీ కలిసి ఒక అడ్డుకోత చిత్రం అవుతాయని బ్రౌన్ గ్రహించాడు. రోగులు మంచం మీద భోజనం చేయడానికి వాడే బల్ల ఒకటి, అక్కడా ఇక్కడా సంపాదించిన విడిభాగాలు కొన్ని పోగేసి 1957లో అలాంటి యంత్రాన్ని నిలబెట్టాడు. నీళ్ళ గొట్టాలు పోయాయి. చర్మానికీ యంత్రానికీ మధ్య గాలి లేకుండా పొట్ట మీద ఆలివ్ నూనె రాస్తే సరిపోయింది. ఇవాళ స్కానింగ్ గదిలో చల్లగా తగిలే జెల్లీ చేసే పని అదే.

1958 జూన్ 7న లాన్సెట్ పత్రికలో ముగ్గురి పేర్లతో వ్యాసం వచ్చింది. వంద మంది రోగుల పరీక్షల అనుభవం అందులో ఉంది. గర్భంలోని పిండం చిత్రాలూ ఉన్నాయి. తరంగాల వల్ల హాని ఉంటుందేమోనన్న భయంతో ముందుగా పిల్లికూనల మెదళ్ళ మీద చేసిన పరీక్షల ఫలితాలు కూడా చేర్చారు. ప్రసూతి వైద్యంలో అల్ట్రాసౌండ్ చరిత్ర ఈ వ్యాసంతోనే మొదలవుతుంది.

ఈ కథలో బ్రౌన్‌కు దక్కాల్సిన పేరు చాలాకాలం దక్కలేదు. కంపెనీ చేతులు మారింది. కొత్త యాజమాన్యం 1960ల రెండో సగంలో గ్లాస్గోలో ఈ వ్యాపారాన్ని వదిలేసుకుంది. 1970ల్లో బ్రౌన్ మరో కంపెనీలో మూడు కొలతల్లో చిత్రాలు చూపే స్కానర్ తయారుచేశాడు కానీ, అది వ్యాపారంగా నిలవలేదు. ప్రపంచమంతా కోట్ల డాలర్ల మార్కెట్‌గా మారిన యంత్రం పుట్టిన ఊరికి లాభం తెచ్చిపెట్టలేదు.

నిండిన మూత్రాశయం

స్కానింగుకు వెళ్ళే గర్భిణిని నీళ్ళు బాగా తాగి రమ్మని, మూత్రానికి వెళ్ళకుండా ఉండమని చెప్పడం మనకు తెలిసిందే. ఆ కిటుకు డోనాల్డ్ విభాగంలో 1963 ప్రాంతంలో కాస్త యాదృచ్ఛికంగా బయటపడింది. మొదట్లో రోగులను మూత్రాశయం ఖాళీ చేసుకుని రమ్మనేవారు. ఒకసారి మూత్రాశయం నిండుగా ఉన్న స్త్రీకి స్కాన్ చేస్తే గర్భసంచి ఎన్నడూ లేనంత స్పష్టంగా కనిపించింది. మూత్రాశయం నిండినప్పుడు అడ్డుగా ఉన్న పేగులు పక్కకు జరుగుతాయి, నీళ్ళలోంచి తరంగాలు సాఫీగా వెళతాయి. అంతే. అప్పటినుంచి ఆరేడు వారాల గర్భం కూడా తెర మీద కనిపించసాగింది. గర్భం తొలి నెలలను చూడగలగడం అప్పుడే సాధ్యమైంది.

అదే విభాగంలో జేమ్స్ విలాక్స్ బిడ్డ తల వెడల్పును గర్భంలోనే కొలిచే పద్ధతిని రూపొందించాడు. డోనాల్డ్ దగ్గర శిక్షణ పొందిన స్టువార్ట్ క్యాంప్‌బెల్ 1968లో దాన్ని మరింత కచ్చితంగా తీర్చిదిద్దాడు. వారాలకు తగ్గట్టు తల ఎదుగుతోందా లేదా అన్నది అంకెల్లో తెలిసింది. కొంతమంది పిల్లలు లోపలే సరిగ్గా పెరగడం లేదన్న సంగతి పుట్టాక కాకుండా ముందే తెలియడం మొదలైంది. ఇలాంటి పిల్లల తల్లుల్లో చాలామందికి బీపీ ఎక్కువగా ఉండేది.

1964లో గ్లాస్గోలో క్వీన్ మదర్స్ ప్రసూతి ఆస్పత్రి తెరుచుకుంది. దాని రూపకల్పనలో డోనాల్డ్‌ది ముఖ్యమైన పాత్ర. ఇంత పని చేస్తున్న కాలంలోనే ఆయన గుండె ఆయనను వేధిస్తూ ఉంది. కవాటాల జబ్బు వల్ల మూడుసార్లు పెద్ద ఆపరేషన్లు చేయించుకోవాల్సివచ్చింది. ఆస్పత్రి మంచం మీద రోగిగా పడుకున్నప్పటి అనుభవాలను తోటి డాక్టర్ల కోసం రాసిపెట్టాడు. ప్రసూతి వైద్యంలో ఎదురయ్యే చిక్కుల మీద 1955లో ఆయన రాసిన పాఠ్యపుస్తకం ఎన్నో ముద్రణలు పొందింది.

బొమ్మ ఎవరి పక్షం

డోనాల్డ్ గట్టి దైవభక్తి ఉన్న క్రైస్తవుడు. 1960ల్లో స్కాట్లాండ్ ఎంపీ డేవిడ్ స్టీల్ గర్భస్రావాన్ని చట్టబద్ధం చేసే బిల్లు తెచ్చినప్పుడు ఆయన దాన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. గర్భంలో కదులుతున్న పిండం దృశ్యాలను సభల్లో చూపించాడు. వాటిని చూస్తే గర్భస్రావం కోరే స్త్రీల మనసు మారుతుందని నమ్మాడు. 1967లో చట్టం వచ్చాక కూడా ఆయన వైఖరి మారలేదు.

అదే స్కాట్లాండ్‌లో, అబర్డీన్‌లో, ఇంకో ప్రసూతి వైద్య ఆచార్యుడు డ్యుగాల్డ్ బెయర్డ్ పూర్తిగా వేరే దారిలో నడిచాడు. గ్లాస్గో పేదవాడల్లో పనిచేసినప్పుడు కాన్పు మీద కాన్పుతో అరిగిపోయిన తల్లులను చూసిన ఆయన, వద్దనుకున్న గర్భం నుంచి బయటపడే స్వేచ్ఛ స్త్రీకి ఉండాలని వాదించాడు. ఇద్దరూ తల్లుల బాగు కోరినవాళ్ళే. ఇద్దరూ ఒకే నగరపు కష్టాలను చూసినవాళ్ళే. డోనాల్డ్‌కు తెర మీద బిడ్డ కనిపించింది. బెయర్డ్‌కు తెర బయట ఉన్న స్త్రీ కనిపించింది.

స్కాన్ చిత్రాల మీద స్త్రీవాద పరిశోధకులు తర్వాత చేసిన విమర్శ కూడా ఇదే. ఆ బొమ్మలో బిడ్డ శూన్యంలో తేలుతున్నట్టు ఉంటుంది. తొమ్మిది నెలలు మోస్తున్న మనిషి దాన్లో ఎక్కడా కనపడదు. ఇది డోనాల్డ్ నైపుణ్యాన్ని తగ్గించే విమర్శ కాదు. ఒక చిత్రం దేన్ని చూపిస్తుందో, దేన్ని దాచేస్తుందో అడిగే ప్రశ్న అది.

ఈ ప్రశ్నకు అతి కఠినమైన జవాబు మన దేశం నుంచి వచ్చింది. తెర మీది బొమ్మ చూసి మనసు మార్చుకోవడం ఇక్కడా జరిగింది, కానీ డోనాల్డ్ ఆశించినదానికి నేరుగా వ్యతిరేక దిశలో. 1970ల్లో ఉమ్మనీటి పరీక్షతో మొదలైన లింగ నిర్ధారణ, స్కానింగ్ యంత్రాలు చౌకగా దొరకడం మొదలయ్యాక పట్నాల నుంచి పల్లెలదాకా పాకింది. ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లల సంఖ్య 1991 జనాభా లెక్కల్లో 945 ఉంటే, 2001లో 927కి, 2011లో 919కి పడిపోయింది. లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో పార్లమెంటు చట్టం చేసింది. 1996 నుంచి అమలులోకి వచ్చిన ఆ చట్టాన్ని 2003లో మరింత బిగించారు. ప్రతి యంత్రాన్నీ రిజిస్టరు చేయాలి, స్కాన్ చేసిన ప్రతి గర్భిణి వివరాలూ ఎఫ్ ఫారంలో నింపాలి, లింగ నిర్ధారణ చేయమని ఆస్పత్రి గోడ మీద బోర్డు పెట్టాలి. తప్పు యంత్రానిది కాదనడం తేలిక. కానీ కొడుకే కావాలనే ఇళ్ళలోకి ఆ యంత్రం వచ్చాక ఏం జరిగిందో జనాభా లెక్కలు చెబుతున్నాయి.

మళ్ళీ తల్లి వైపు

డోనాల్డ్ 1976లో ఉద్యోగ విరమణ చేశాడు. అంతకు మూడేళ్ళ ముందు ఆయనకు సీబీఈ బిరుదు వచ్చింది. తర్వాత ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ తీరాన పేగల్‌షమ్ అనే చిన్న ఊళ్ళో స్థిరపడి, 1987 జూన్ 19న అక్కడే కన్నుమూశాడు. ఆయన వెళ్ళిపోయేసరికే ఆయన శిష్యుడు క్యాంప్‌బెల్ ఈ యంత్రం చూపును మళ్ళీ తల్లి వైపు తిప్పాడు.

మన పల్లెల్లో గుర్రపువాతం అని పిలిచే జబ్బు ఎక్లాంప్సియా. దానికి ముందు దశ ప్రీఎక్లాంప్సియా. సాధారణంగా 20 వారాలు దాటాక గర్భిణి బీపీ 140/90ని మించుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది, లేదా కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ముదిరితే ఫిట్స్ వస్తాయి, తల్లీబిడ్డలిద్దరి ప్రాణాలూ పోవచ్చు. ప్రపంచంలో తల్లుల మరణాలకు అధిక రక్తస్రావం తర్వాత అతిపెద్ద కారణాల్లో బీపీ జబ్బులు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2003-09 మధ్య మరణాల్లో వాటి వాటా దాదాపు 14 శాతం. ఫిట్స్‌ను ఆపడానికి మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఉంది. జబ్బును పూర్తిగా తొలగించే మార్గం మాత్రం ఒక్కటే, కాన్పు చేసి మాయను బయటికి తీయడం. ఆరో నెలలో, ఏడో నెలలో ఆ నిర్ణయం తీసుకోవాల్సివస్తే బిడ్డ బతకడం కష్టం.

జబ్బు బయటపడేది ఆరో నెల తర్వాతైనా, చాలా కేసుల్లో దాని విత్తనం తొలి నెలల్లోనే పడుతుంది. మామూలుగా మాయలోని కణాలు గర్భసంచి గోడలోకి చొచ్చుకెళ్ళి అక్కడి సన్నని, మెలికలు తిరిగిన రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. ఇరుకు సందు వెడల్పాటి రోడ్డుగా మారినట్టు తల్లి రక్తం ధారాళంగా మాయకు చేరుతుంది. ఈ మార్పు సరిగ్గా జరగకపోతే నాళాలు ఇరుకుగానే ఉండిపోతాయి. రక్తం చాలని మాయ నుంచి విడుదలయ్యే పదార్థాలు తల్లి ఒళ్ళంతా రక్తనాళాలను దెబ్బతీస్తాయి.

ఆ ఇరుకును బయటినుంచి పట్టుకోవచ్చా? ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ 1842లో నక్షత్రాల కాంతి గురించి చెప్పిన సూత్రం ఇక్కడ పనికొచ్చింది. కదులుతున్న వస్తువు నుంచి వచ్చే తరంగం మారుతుంది కాబట్టి, పరుగెత్తే రక్తకణాల మీద పడి తిరిగివచ్చే అల్ట్రాసౌండ్‌ను చూస్తే రక్తం ఎంత వేగంగా, ఎంత అడ్డంకితో పారుతోందో తెలుస్తుంది. గర్భసంచి రక్తనాళాలను ఈ పద్ధతిలో పరీక్షించవచ్చని క్యాంప్‌బెల్ బృందం 1983లో లాన్సెట్‌లో చూపించింది. లండన్‌లోని కింగ్స్ కాలేజీ ఆస్పత్రిలో ఆయన దగ్గర పనిచేసిన కిప్రోస్ నికొలాయిడిస్ ఆ పరీక్షను గర్భం 11-13 వారాలకు తెచ్చాడు. తల్లి వయసు, బరువు, పాత కాన్పుల చరిత్ర, రెండు చేతుల బీపీ, గర్భసంచి రక్తనాళాల డాప్లర్ కొలత, మాయ నుంచి వచ్చే ఒక ప్రొటీన్ రక్తపరీక్ష అన్నీ కలిపి ముప్పు లెక్కగడతారు. నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా కేసుల్లో సుమారు నాలుగింట మూడు వంతుల్ని ఇలా ముందే గుర్తించవచ్చు.

గుర్తించి ఏం చేయాలన్నదానికి 2017లో జవాబు దొరికింది. ముప్పు ఎక్కువగా ఉన్న 1,776 మంది గర్భిణులతో చేసిన ఆస్ప్రీ అధ్యయనంలో, 11-14 వారాల నుంచి 36వ వారం దాకా రాత్రిపూట 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ తీసుకున్నవారిలో 37 వారాలలోపు ప్రీఎక్లాంప్సియా 1.6 శాతం మందికే వచ్చింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో అది 4.3 శాతం. నెలలు నిండాక వచ్చే రకాన్ని మాత్రం ఈ మందు పెద్దగా తగ్గించలేదు. ఇది ఎవరికి వారు కొనుక్కుని వేసుకునే మాత్ర కాదు. పరీక్ష చేసిన డాక్టర్ చెబితేనే, ఆలస్యం కాకముందే మొదలుపెట్టాల్సిన మందు. మాయ గర్భసంచిలో పూర్తిగా పాతుకుపోయాక మొదలుపెడితే ఫలితం తగ్గిపోతుంది. అందుకే మూడో నెల అంత కీలకం.

మన దేశంలో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2018-20 నాటికి 97కి తగ్గాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తొలి మూడు నెలల్లో వైద్య పరీక్షకు వెళ్ళినవాళ్ళు 70 శాతం. అంటే పదిమందిలో ముగ్గురికి ఆ కీలకమైన వారాలు ఏ డాక్టరూ చూడకుండానే గడిచిపోతున్నాయి. వెళ్ళినవాళ్ళలోనూ చాలామందికి స్కానింగ్ అంటే బిడ్డను చూసుకోవడమే. గర్భసంచి నాళాల డాప్లర్ చేయగల నిపుణులు, ప్రొటీన్ పరీక్ష చేసే ల్యాబులు ఎక్కువగా పెద్ద ఊళ్ళలోనే ఉన్నాయి.

ఈ యంత్రం మీద కాపలా తీసేయమని అడిగే పరిస్థితి మన దేశానికి ఇంకా రాలేదు. ఆడపిల్లల లెక్క సరికాలేదు కనుక ఎఫ్ ఫారం ఉండాల్సిందే. కానీ కాపలా ఎంత అవసరమో, చేయాల్సిన పరీక్ష చేయడమూ అంతే అవసరం. రక్తపరీక్ష దొరకని చోట కూడా బీపీ సరిగ్గా కొలవడానికి, పాత కాన్పుల సంగతులు అడగడానికి ఖరీదైన ఏర్పాట్లేమీ అక్కర్లేదు. మూడో నెలలో స్కానింగుకు వచ్చిన గర్భిణికి ఆ రెండూ చేసి, వీలున్నచోట గర్భసంచి రక్తనాళాలనూ చూసి, ముప్పు ఉందని తేలితే అదే రోజు మందు రాసివ్వాలి. డోనాల్డ్ గ్లాస్గోలో మొదలుపెట్టిన పనిలో మనకు ఇంకా మిగిలి ఉన్న భాగం ఇది.